పట్టేసిన బ్రేక్ కాలిపర్: నా అనుభవం

పదిహేనేళ్ల కారు. బ్రేక్ తొక్కకపోయినా ఎడమకి లాగేస్తోంది. దిగి చూస్తే ముందు ఎడమ చక్రం దగ్గర కమురు కంపు, రిమ్ము మీద చెయ్యి పెట్టలేనంత వేడి.

కాలిపర్, అంటే బ్రేక్ ప్యాడ్లని డిస్క్‌కి నొక్కే భాగం, పట్టేసిందన్నమాట. జాకీ ఎత్తి బ్లీడ్ నిపుల్ (ఫ్లూయిడ్, గాలి బయటికి వదిలే చిన్న మర) కాస్త వదులు చేశాను. అప్పుడు చక్రం తిరిగితే తప్పు హోస్‌ది (ఫ్లూయిడ్ తెచ్చే రబ్బరు గొట్టం): ఒత్తిడిని వెనక్కి వదలట్లేదన్నమాట. తిరగలేదు. స్లైడ్ పిన్నులు (కాలిపర్ అటూ ఇటూ జరిగే కడ్డీలు) వేళ్లతోనే జారుతున్నాయి. ఇక దొంగ, ప్యాడ్‌ని నెట్టే పిస్టనే.

హోస్ ఊడదీయకముందే పెడల్ మెల్లగా తొక్కించి పిస్టన్‌ని బయటికి నెట్టించాను. గాలి కొట్టి తీస్తే తూటాలా వస్తుంది, వేళ్లు జాగ్రత్త. డస్ట్ బూటు (దుమ్ము పడకుండా పిస్టన్‌కి ఉండే రబ్బరు తొడుగు) చిరిగిన చోట, సరిగ్గా దాని కిందే, గోరుకి తగిలే తుప్పు గుంటలు. ఎమరీతో రుద్దేద్దామనిపించింది గానీ, పైపూత పోతే మళ్లీ తుప్పే. కొత్త పిస్టన్, సీల్ కిట్ వేశాను. ఆ చదరపు అంచుల సీల్‌ని చులకనగా చూడొద్దు: బ్రేక్ వదలగానే పిస్టన్‌ని వెనక్కి లాగేది అదే. పెట్రోలు తగిలితే ఉబ్బిపోతుంది. కొత్త బ్రేక్ ఫ్లూయిడ్ రాసి బిగించాను. పనిలో పని, కుడిదీ అలాగే చేశాను.

ఎంత బ్లీడ్ చేసినా, అంటే నిపుల్ నుంచి గాలి తీసినా, పెడల్ మెత్తగానే ఉంది. అరగంట తిట్టుకున్నాక చూద్దును కదా, నిపుల్ కింద వైపుంది! కుడిది ఎడమకి, ఎడమది కుడికి బిగించేశాను. గాలి పైనే నిలిచిపోతోంది. మార్చి బ్లీడ్ చేస్తే పెడల్ గట్టిపడింది.