పెట్టె ఒక దారి, నేను ఒక దారి: విదేశీ సెమిస్టరు ప్రయాణంలో ఏదైనా తప్పితే ఏం చేయాలి

బెల్టు ఆగిపోయే సమయానికి దాని మీద మిగిలింది ఎవరిదో పిల్లల బండి ఒక్కటే. నా సూట్‌కేసు రాలేదు. అప్పటికే నాకు ఒక విమానం తప్పిపోయింది, ఒక రాత్రి కుర్చీల మీద గడిచింది, శుక్రవారం మధ్యాహ్నం చేరవలసిన ఊరికి శనివారం ఉదయం చేరాను. హాస్టలు తాళంచెవి ఇచ్చే ఆఫీసు సోమవారం దాకా తెరవరు.

ఇప్పుడు తెలిసిన పిల్లలు ఎవరు విదేశంలో సెమిస్టరుకు బయలుదేరినా నాకు ఫోన్ చేస్తారు. పెట్టెలో ఏమేం సర్దుకోవాలని అడుగుతారు. నేను మాత్రం ముందు ఈ మాట చెబుతాను: ఏదైనా తప్పితే, అది తప్పిన చోటే, ఆ కౌంటరు ముందే, చేతికి ఒక కాగితమో నంబరో వచ్చేదాకా కదలకండి. నా ప్రయాణంలో మొదటి తప్పు విమానానిది. తర్వాతివన్నీ నేను తొందరపడి కౌంటరు వదిలేసినందువల్ల వచ్చినవి.

టికెట్టు దగ్గర మొదలుపెడదాం. మొత్తం ప్రయాణం ఒకే పీఎన్ఆర్ మీద ఉండాలి. మొదటి విమానం ఆలస్యమై రెండోది తప్పిపోతే, ఒకే టికెట్టయితే మిమ్మల్ని గమ్యం చేర్చే బాధ్యత విమాన సంస్థదే. కాస్త చవకని రెండు ముక్కలుగా కొంటే, రెండో సంస్థ దృష్టిలో మీరు వేళకు రాని ప్రయాణికులు, అంతే. పైగా మధ్యలో సామాను తీసుకుని మళ్లీ అప్పగించాలంటే ఆ దేశంలోకి అడుగుపెట్టాలి, దానికి చాలాచోట్ల వీసా కావాలి. ఇంకో సంగతి కూడా ఉంది. ఒక టికెట్టులో ఒక విమానం ఎక్కకపోతే చాలా సంస్థలు ఆ తర్వాతివన్నీ రద్దు చేస్తాయి. ఐదు నెలల తర్వాతి తిరుగు ప్రయాణం కూడా అందులోనే పోతుంది.

తేదీ కూడా ఒకటికి రెండుసార్లు చూసుకోండి. 12వ తేదీ 00:40 అని రాసి ఉంటే 11వ తేదీ రాత్రే విమానాశ్రయంలో ఉండాలి. నాకు తెలిసిన ఒక అబ్బాయి 12వ తేదీ రాత్రి పెట్టెలతో సహా చేరుకున్నాడు. నవ్వకండి, అలసిన బుర్రకు ఎవరికైనా జరుగుతుంది.

నాకు రెండు విమానాల మధ్య గంటా ముప్పై ఐదు నిమిషాలు ఉండేది. మొదటిది రెండు గంటలకు పైగా ఆలస్యమైంది. మొదటిసారి వెళ్లేవారు కనీసం మూడు గంటల వ్యవధి పెట్టుకోండి. రెండో విమానం ఆ రోజుకు ఆఖరిది కాకుండా చూసుకోండి. తప్పిపోయిందని తెలియగానే వరుసలో నిలబడి, నిలబడే ఆ సంస్థ యాప్‌లోనో ఫోన్‌లోనో ప్రయత్నించండి. తర్వాతి విమానంలో ఉన్న కొద్ది సీట్ల కోసం మీ ముందున్న నలభై మందీ పోటీయే.

కౌంటరులో నాకు మర్నాటి బోర్డింగ్ పాసు, హోటల్ కూపను ఇచ్చారు. ఎంత సంతోషపడ్డానంటే, థాంక్స్ చెప్పి వచ్చేశాను. అడగవలసినవి మూడు మిగిలిపోయాయి. ఆ హోటలు విమానాశ్రయం లోపలా, బయటా? బయటే. నా దగ్గర ఉన్నది చదువుకోబోయే దేశపు వీసా, మధ్యలో దిగిన దేశానిది కాదు. ఇమిగ్రేషన్ వరుసలో గంటకు పైగా నిలబడ్డాక అధికారి పాస్‌పోర్టు రెండుసార్లు తిరగేసి, మర్యాదగానే వెనక్కి పంపారు. రెండో ప్రశ్న: నా పెట్టెను కొత్త విమానానికి మార్చారా? కంప్యూటర్‌లో చూసి చెప్పమని ట్యాగు నంబరు చూపించి ఉంటే సరిపోయేది. మూడోది: ఆలస్యానికి కారణం రాతపూర్వకంగా ఇస్తారా? ఐరోపా సమాఖ్య విమానాశ్రయం నుంచి బయలుదేరి గమ్యానికి మూడు గంటలో అంతకన్నా ఎక్కువో ఆలస్యంగా చేరితే, 261/2004 నిబంధన కింద దూరాన్ని బట్టి 250 నుంచి 600 యూరోల పరిహారం అడగవచ్చు. వాతావరణంలాంటి అసాధారణ కారణమైతే రాదు. అందుకే కారణం కాగితం మీద ఉండాలి.

ఇక సామాను. పెట్టె రాలేదని తేలితే కస్టమ్స్ దాటి బయటికి అడుగుపెట్టకండి, చాలాచోట్ల మళ్లీ లోపలికి రానివ్వరు. హాలులోనే సామాను ఫిర్యాదుల కౌంటరు ఉంటుంది. అక్కడ రాయించే ఫిర్యాదు పత్రాన్ని పీఐఆర్ అంటారు. చెక్-ఇన్‌లో మీకిచ్చిన పది అంకెల ట్యాగు చీటీ అప్పుడు ప్రాణంతో సమానం. నాది బోర్డింగ్ పాసు వెనక అంటించి ఉంది, నేను దాన్ని చించి పారేయకపోవడం కేవలం అదృష్టం.

కౌంటరులోని ఆమె రకరకాల పెట్టెల బొమ్మలున్న అట్ట ముందుకు జరిపి, ఏది నీదని అడిగింది. నల్లదని చెప్పాను. ఆమె నా వెనక గోడవైపు చూపింది, అక్కడ పేర్చినవాటిలో సగం నల్లవే. చక్రాలు రెండా, నాలుగా? గుర్తు రాలేదు. మూడు వారాలు నా మంచం పక్కనే తెరిచి పెట్టుకున్న పెట్టె అది! నాలుగని అన్నాను, ధైర్యం చేసి. బయలుదేరే ముందు పెట్టెను మూసి ఒకటి, తెరిచి ఒకటి ఫొటోలు తీసుకోండి. పెట్టె లోపల కూడా మీ పేరు, ఈమెయిల్ రాసిన కాగితం పెట్టండి, బయటి ట్యాగు ఊడిపోతే అదే దిక్కు.

ఎక్కడికి పంపాలని అడిగితే హాస్టలు చిరునామా ఇచ్చాను. ఆదివారం పెట్టె వచ్చిందట, తలుపు తాళం చూసి తిరిగి వెళ్లిందట. ఫోన్ చేశారట కూడా, నా పాత సిమ్‌కు. అందులో రోమింగ్ లేదు. కాబట్టి ఆ వారం మీరు నిజంగా ఎక్కడుంటారో ఆ చిరునామా, నిజంగా మోగే నంబరు ఇవ్వండి. రోమింగ్ ఇంటి నుంచే ఆన్ చేయించుకోవాలి. గది బుక్ చేద్దామని కార్డు వాడితే ఓటీపీ కూడా ఆ మూగ సిమ్‌కే వెళ్లింది. ఆ రెండు రాత్రులూ ఒక సీనియర్ అమ్మాయి గది నేల మీద, నా కోటే దుప్పటిగా పడుకున్నాను. హాస్టలు ఆఫీసు వేళలు ముందే కనుక్కుని, ఆలస్యమైతే తాళంచెవి ఎక్కడ పెడతారో ఈమెయిల్‌లో రాయించుకోండి. రద్దు చేసుకోగల గది ఒకటి రెండు రాత్రులకు బుక్ చేసి ఉంచితే ఇంకా నయం.

ప్రవేశ పత్రం, వీసా కాగితాలు, మందులు, వాటి చీటీ, ఒక జత బట్టలు, ఛార్జరు చేతిసంచిలో ఉండాలి. పవర్ బ్యాంకును చెక్-ఇన్ పెట్టెలో పెట్టనివ్వరు, చేతిసంచిలో 100 వాట్-అవర్ల దాకా మామూలుగా ఒప్పుకుంటారు. ఇరవై వేల ఎంఏహెచ్‌ది 74 వాట్-అవర్ల దగ్గర ఉంటుంది. పాస్‌పోర్టు పోతే పోలీసు ఫిర్యాదు, ఆ వెంటనే మీ దేశ రాయబార కార్యాలయం. వీసా కూడా దానితోనే పోయిందని గుర్తుంచుకుని విశ్వవిద్యాలయానికీ చెప్పండి.

పెట్టె లేని రోజుల్లో కొన్న సబ్బు నుంచి చొక్కా దాకా ప్రతి రసీదూ దాచండి. 1999 నాటి మాంట్రియల్ ఒప్పందం వర్తించే ప్రయాణాల్లో, ఆలస్యమైన సామానుకు అది చేతికొచ్చిన 21 రోజుల్లో, దెబ్బతిన్నదానికి 7 రోజుల్లో రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. 21 రోజులైనా రాకపోతే పోయినట్టు లెక్కించమని అడగవచ్చు. పరిహారానికి పైపరిమితి 2024 డిసెంబర్ 28 నుంచి ఒక్కో ప్రయాణికుడికి 1,519 ఎస్‌డీఆర్‌లు. ఎస్‌డీఆర్ అంటే అంతర్జాతీయ ద్రవ్యనిధి లెక్కగట్టే ప్రమాణం, ఆ రోజు మారకపు విలువ చూసుకోవాలి.

నా పెట్టె మంగళవారం సాయంత్రం వచ్చింది. తెచ్చినతను సంతకం పెట్టమని పలక లాంటి యంత్రం చాపాడు. ఈసారి తొందరపడలేదు. మెట్ల మీదే పెట్టెను పడుకోబెట్టి, అన్ని వైపులా తిప్పి చూశాను. మూల దగ్గర చిన్న పగులు. చక్రాలు లెక్కపెట్టాను. మూడు. దెబ్బతిన్నదని అతని చేత రాయించి, ఫొటో తీసి, ఆ రాత్రే ఫిర్యాదు పంపాను. ఫారంలో మొదటి ప్రశ్న మళ్లీ అదే: చక్రాలు ఎన్ని?