సరుకు పోతోంది, చేతిలో డబ్బు నిలవట్లేదు: షాపు ధర ఎక్కడ తప్పుతోంది?

అనంతపురం సుభాష్ రోడ్డులో పెట్టినా, పుట్టపర్తి షాపుల్లో పెట్టినా, చేతిపని సరుకు అమ్మిపెట్టమని షాపుకి ఇచ్చేవాళ్ళ బాధలు తిప్పి తిప్పి మూడే. జనపనార సంచులు కుట్టే డ్వాక్రా సంఘానికైనా, తోలుబొమ్మలాట బొమ్మలు గీసిన తోలుతో కరెంటు దీపాలు చేసేవాళ్ళకైనా లెక్క ఒకటే. ఇక్కడ తోలు దీపాన్ని ఉదాహరణగా తీసుకుని చెబుతాను.

ముందు మీ ఖర్చుల కాగితం తీయండి. అందులో మీ కూలి ఉందా? మేకతోలు, రంగులు, ఇనుప ఫ్రేము, హోల్డరు, వైరు అన్నీ పైసలతో సహా రాస్తారు, కూలి మాత్రం రాయరు. అడిగితే "ఇంట్లో కూర్చుని చేసేదే కదా" అంటారు. బొమ్మ గీసి, ఉలితో చిల్లులు కొట్టి, రంగులు వేసే పని బయటివాళ్ళకి ఇస్తే ఎంత అడుగుతారో అంత రాయండి. ఈ కూలి లెక్క లేకుండా మిగతాది చదవటం దండగ.

సమస్య 1: సరుకు బాగానే పోతోంది, కానీ మిగలట్లేదు

కూలి వేసుకున్నాక కూడా ఇదే పరిస్థితి అయితే, తొంభై పాళ్ళు తప్పు శాతం దగ్గరే ఉంటుంది.

దీపానికి సామాను 240, కూలి 360, మొత్తం 600 అనుకుందాం. షాపాయన "నలభై పర్సెంట్ మాదక్కా, మిగిలింది మీది" అంటాడు. మీరు ఇంటికొచ్చి 600కి నలభై శాతం, అంటే 240 కలిపి, 840 అని చీటీ అంటిస్తారు. దీపం అమ్ముడుపోయింది. షాపాయన నలభై శాతం తీసుకున్నాడు, కానీ మీ 600 మీద కాదు, చీటీ మీదున్న 840 మీద. అంటే 336. మీ చేతికి వచ్చింది 504. దీపానికి 96 రూపాయలు ఎగిరిపోయాయి.

ఇందులో మోసం ఏమీ లేదు. షాపులవాళ్ళు మార్జిన్ అంటే అమ్మిన ధరలో వాటా. మీరు వేసుకున్నది ఖర్చు మీద. ఇద్దరూ నలభై అనే అన్నారు కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. పైగా 504లో సామాను డబ్బు 240 పూర్తిగా వెనక్కి వస్తుంది, తోలు మళ్ళీ కొనగలుగుతారు, పని ఆగదు. తరిగేది మీ కూలి ఒక్కటే: 360 కాస్తా 264 అవుతుంది. అందుకే ఏళ్ళ తరబడి ఎవరికీ పట్టుబడదు. షాపు వాటా పెరిగేకొద్దీ గుంట లోతవుతుంది: అదే 600 మీద ఇరవై శాతమైతే పోయేది 24, యాభై శాతమైతే 150.

సరిచేయటానికి క్యాలిక్యులేటర్ చాలు. నూట్లోంచి షాపు వాటా తీసేయండి, మిగిలిన శాతంతో ఖర్చుని భాగించండి (అరవై శాతం అంటే 0.6). నలభై శాతానికి 600ని 0.6తో భాగిస్తే 1000. ముప్ఫైకి 0.7తో, ఇరవై ఐదుకి 0.75తో. సరిచూడండి: వెయ్యిలో 400 షాపుకి, 600 మీకు. శాతం కలపొద్దు, భాగించండి.

ఇంత చేసినా ఇంకో రెండు చోట్ల జారుతుంది. దసరా, దీపావళికి షాపు పది శాతం తగ్గించి 900కి అమ్మింది అనుకోండి. ఆ వంద ఎవరిది? షాపు తన 400 తాను తీసుకుంటే మీకు 500. అమ్మిన ధర మీద నలభై తీసుకుంటే మీకు 540. తగ్గింపు తనే భరిస్తే 600. రెండోది జీఎస్టీ. చీటీ మీద వెయ్యిలోనే పన్ను కలిసి ఉందని షాపు అంటే, ముందు పన్ను తీసి తర్వాత వాటా లెక్కేస్తారు. పన్ను 5 శాతం అనుకుంటే మీకు వచ్చేది 571 చిల్లర.

అందుకని షాపులో "ఎంత పర్సెంట్?" అని అడగటం మానేయండి. "ఈ దీపం వెయ్యికి పోతే నా చేతికి ఎన్ని రూపాయలు? ఆఫర్‌లో పోతే ఎన్ని?" అని అడగండి. ఆ రూపాయలే సరుకు అప్పగించేటప్పుడు రాసే చలానాలో ముక్క ముక్కకీ రాయించి సంతకం తీసుకోండి. మొహమాటపడితే 96లు పోతూనే ఉంటాయి.

సమస్య 2: "ఇక మీ సరుకు వద్దు" అంటున్నారు

షాపులో వెయ్యి అని ఉన్న దీపాన్ని మీరు వాట్సాప్‌లో 600కి ఇస్తున్నారు. షాపులో చూసి, ఫోన్‌లో ఫొటో తీసుకుని, మీ దగ్గరికొచ్చి కొనేవాళ్ళు ఉంటారు. అది షాపాయనకి తెలియటానికి ఎక్కువ రోజులు పట్టదు. ఇంటి దగ్గరైనా, ఎగ్జిబిషన్‌లోనైనా వెయ్యే చెప్పండి. ఆ అదనపు 400 ఊరికే వచ్చేది కాదు. స్టాల్ అద్దె, బస్సు చార్జీ, రోజంతా నిలబడటం అందులోంచే గదా పోవాలి.

సమస్య 3: వెయ్యి పెట్టాక కదలట్లేదు

వెంటనే రేటు తగ్గించకండి. షాపుకెళ్ళి చూడండి, దీపం వెలుగుతోందా? ఆర్పి ఉన్న తోలు దీపం మసక పసుపు డొల్లలా కనిపిస్తుంది. బల్బు వేస్తే గానీ ఎరుపు, ఆకుపచ్చ పైకి రావు, చిల్లుల్లోంచి చుక్కలు గోడ మీద పడవు. ప్లగ్గు ఉన్న చోట పెట్టించటానికి పైసా ఖర్చు లేదు. తర్వాత చీటీ చూడండి. ధర్మవరం దగ్గరి నిమ్మలకుంటలో చేసినదైతే ఆ ఊరి పేరు ఉండాలి. 2020లో ఆ ఊరి కళాకారుడు దళవాయి చలపతిరావు గారికి పద్మశ్రీ వచ్చింది ఈ తోలుబొమ్మల కళకే. ఆ సంగతి చెప్పకపోతే కొనేవాళ్ళకి అది మామూలు లాంప్ షేడే. అప్పటికీ కదలకపోతే వెయ్యి దీపం అలాగే ఉంచి, పక్కన రెండొందల లోపు బుక్‌మార్కులు, చిన్న బొమ్మలు పెట్టండి. ఊరు చూడవచ్చినవాళ్ళు బ్యాగులో పట్టేదే కొంటారు.

మిగతావి అరుదు. షాపు అమ్మినవి దాస్తోందన్న అనుమానం చాలామందికి ఉంటుంది. నెలకోసారి వెళ్ళి ముక్కలు లెక్కపెడితే తేలిపోతుంది, ఎక్కువసార్లు తప్పు మన పుస్తకంలోనే బయటపడుతుంది. మీ సరుకు పక్కనే ప్రింటు వేసిన నకిలీలు పెట్టి అమ్ముతుంటే షాపు మార్చండి, వాదించి లాభం లేదు. అద్దాల దగ్గర ఎండకి తోలు ముడుచుకుపోయిన దీపం వెనక్కి వస్తే అది ఎవరి ఖాతాలో పడుతుందో, అదీ ఆ చలానాలోనే రాయించండి.