నాన్నగారి ఫ్యాన్ మళ్లీ తిరిగింది
నాన్నగారు కాలం చేశాక వచ్చిన మొదటి వేసవిలో, ఆయన గదిలోని సీలింగ్ ఫ్యాన్ స్విచ్ వేయగానే గుంయ్‌మని మూలుగుతూ కదలకుండా ఉండిపోయింది. కర్రతో రెక్కను తోస్తే మాత్రం మెల్లగా తిరుగుతోందని గమనించగానే, నన్ను స్టూలు పట్టుకోమని పైకెక్కి, "తోస్తే తిరిగిందంటే కెపాసిటర్ పోయినట్టేరా" అని ఆయన చెప్పే మాట గుర్తుకు వచ్చింది. మెయిన్ ఆపి, రాడ్డు మీది గిన్నెను కిందికి జరిపి చూస్తే, మోటారు తిరగడం మొదలయ్యేలా చేసే పాత కెపాసిటర్ ఉబ్బి ఉంది. దాని మీద ఉన్న 2.5 మైక్రోఫారడ్, 440 వోల్టుల కొలతలకే కొత్తది తెచ్చాను. వేగం కోసం ఎక్కువ విలువది వేయమని కొందరంటారు గానీ, మోటారులోని తీగచుట్ట (వైండింగ్) వేడెక్కుతుందని నాన్నగారు ఎన్నడూ ఒప్పుకోలేదు. తీగల అతుకులు విప్పుతున్నప్పుడు ఒకటి కనిపించింది: మళ్లీ విప్పేవారికి సులువుగా ఉండాలని ఆయన టేపు కొసను చిన్నగా మడిచి ఉంచారు. కొత్త టేపు చుట్టి, నేనూ అలాగే మడిచాను. ఆ రాత్రి అమ్మ ఆ గదిలోనే పడుకుంది.