బెంగళూరు పొలిమేరల్లో మట్టి దారి సైకిల్: హెసరఘట్ట వైపు ఎలా వెళ్ళాలి, ఏం చూసుకోవాలి

బెంగళూరులో ముచ్చటపడి సైకిల్ కొన్నవాళ్ళలో చాలామంది రెండో నెలకే దాన్ని బాల్కనీలో పెట్టి తడి తువ్వాళ్ళు ఆరేస్తుంటారు. బద్ధకం అంటారు గానీ కాదు, ట్రాఫిక్. ఔటర్ రింగ్ రోడ్డులో బీఎంటీసీ సిటీ బస్సుకీ వాటర్ ట్యాంకర్‌కీ మధ్య తొక్కమంటే ఎవరికైనా టెన్షనే. తారు రోడ్డు వదిలేసి మట్టి దారి పట్టాకే నాకు సైకిల్ అలవాటుగా నిలిచింది. మాది హిందూపురం, ఉండేది విద్యారణ్యపురలో, ఉద్యోగం ఒక ఆడిటర్ ఆఫీసులో. రిటర్నుల సీజన్ తప్పిస్తే ఆదివారం పొద్దుటి పూట నాదే.

ముందు బండి సంగతి. దీనికోసమే గ్రావెల్ బైక్ అని అమ్ముతున్నారు. రేసు సైకిల్‌లా వంపు హ్యాండిల్, కాస్త లావు టైర్లు. బాగానే ఉంటుంది, కానీ అది లేకపోతే పని జరగదనుకోవద్దు. ఇంట్లో తిన్నటి హ్యాండిల్ ఉండే మామూలు హైబ్రిడ్ సైకిల్ ఉంటే దానికే 38 లేదా 40 మిల్లీమీటర్ల టైర్లు వేయించండి. వేయించేముందు టైరుకీ ఫ్రేముకీ మధ్య రెండు వైపులా చిటికెన వేలు దూరేంత ఖాళీ మిగులుతుందో లేదో మెకానిక్‌ని అడగండి. ఖాళీ లేకపోతే ఎర్రమట్టి ఇరుక్కుని చక్రం తిరగదు.

డబ్బు పెట్టాల్సింది సైకిల్ కంటే ముందు గాలి కొలిచే గేజ్ ఉన్న పంపు మీద. షాపుల్లో టైరు రాయిలా అయ్యేదాకా కొట్టి పంపిస్తారు. ఆ గాలితో గులకరాళ్ళ మీదికి వెళ్తే పళ్ళు టకటకలాడతాయి, మలుపులో చక్రం జారుతుంది. అరవై, అరవై అయిదు కిలోల మనిషికి, 40 మిల్లీమీటర్ల ట్యూబు టైరుకి, ముందు 35, వెనక 40 పీఎస్‌ఐ (గేజ్ మీద కనిపించే గాలి ఒత్తిడి లెక్క) దగ్గర మొదలుపెట్టండి. రాళ్ళ మీద రిమ్ము ఠక్కున తగులుతుంటే రెండు పాయింట్లు పెంచుకోండి. బరువు ఎక్కువున్నవాళ్ళు ఇంకాస్త.

ఇక దారి. మ్యాప్‌లో పచ్చగా కనిపించిన ప్రతి చోటా సైకిల్ తొక్కే హక్కు మనకు లేదు. కర్ణాటక అటవీ చట్టం (1963) ప్రకారం రిజర్వు ఫారెస్టులోకి అనుమతి లేకుండా దూరడం నేరం. బన్నేరుఘట్ట నేషనల్ పార్కు, దాని జోలికే వెళ్ళొద్దు, అక్కడ ఏనుగులుంటాయి. కనకపుర రోడ్డు పక్కన తురహళ్ళి బండల్లో, ఎలహంక దాటాక అవలహళ్ళి నీలగిరి తోపుల్లో సైకిళ్ళు తిరగడం చాలా ఏళ్ళ నుంచీ ఉన్నదే. అయినా ఇవాళ సరేనన్న గార్డు రేపు వద్దనొచ్చు. గేటు దగ్గర దిగి, "అణ్ణా, సైకిల్ బిడ్తీరా?" (అన్నా, సైకిల్‌ని వదులుతారా?) అని అడగండి. వద్దంటే వాదన పెట్టుకోకుండా వెనక్కి తిరగండి. మనం గొడవపడితే ఆ తర్వాత వచ్చే అందరికీ గేటు మూసుకుపోతుంది.

అందుకే నేను ఎక్కువగా నమ్ముకునేవి చెరువు కట్టలు, ఊళ్ళ మధ్య బండ్ల బాటలు. రాత్రి కూర్చుని గూగుల్ మ్యాప్స్‌లో శాటిలైట్ బొమ్మ పెట్టండి. బెంగళూరు ఉత్తరాన, పడమరన ఊరూరికీ ఒక చెరువు. కట్ట ఒక పక్క సన్నని గీతలా కనిపిస్తుంది, దాని కొసల నుంచి పొలాల్లోకి ఎర్రటి గీతలు పోతుంటాయి. అవే మన దారులు. ఆ గీత ఏదైనా ప్రహరీ గోడ దగ్గర చటుక్కున ఆగిపోతే అది ఇళ్ళ ప్లాట్లుగా లేఅవుట్ వేసేసిన భూమి అని అర్థం, వదిలేయండి. రెండేళ్ళ కిందటి బొమ్మలో రాగి చేను ఉన్నచోట ఇవాళ విల్లాల గేటుంటుంది, ఈ ఊళ్ళో అది మామూలే. తర్వాత స్ట్రావా అనే యాప్‌లో, సైకిల్ వాళ్ళు తిరిగిన దారులు చూపించే హీట్ మ్యాప్ తెరిచి, అదే గీత మీద వేరేవాళ్ళు తిరిగిన ఆనవాలు ఉందేమో చూడండి. మ్యాప్‌ని ఫోన్లో డౌన్‌లోడ్ చేసి పెట్టుకోండి, పల్లపు చోట్ల సిగ్నల్ పోతుంది.

మొదటిసారికి నేను చెప్పేది హెసరఘట్ట. ఊరి నడిబొడ్డున ఉన్న మెజెస్టిక్ బస్టాండు నుంచి చూసినా ముప్ఫై కిలోమీటర్ల లోపే. ఎలహంక వైపు నుంచి మాదప్పనహళ్ళి, శివకోటె మీదుగా వెళ్ళొచ్చు. అక్కడిదాకా తారే, తప్పదు. టిప్పర్లు తిరగడం మొదలయ్యేలోపు ఆ ముక్క దాటేయాలి, కిటుకంతా అక్కడే ఉంది. అయిదున్నరకి ఇల్లు వదలండి, ముందు తెల్ల లైటు, వెనక ఎర్ర లైటు పెట్టుకుని. డిసెంబరు, జనవరిలో ఆరున్నర దాటితే గానీ సరైన వెలుతురు రాదు, పైగా మంచు. ఆ నెలల్లో అరగంట ఆలస్యంగా బయల్దేరండి, నష్టం లేదు, టిప్పర్లకీ చలే.

హెసరఘట్ట చెరువు ఈ నగరానికి మొదటి కొళాయి నీళ్ళిచ్చిన చెరువు. అంతకుముందు జనం ధర్మాంబుధి లాంటి ఊరి చెరువుల మీద బతికేవారు. ఆ ధర్మాంబుధి ఉన్నచోటే ఇప్పుడు మెజెస్టిక్ బస్టాండు ఉంది. మైసూరు దివాన్ కె. శేషాద్రి అయ్యర్ హయాంలో, 1894లో, అర్కావతి నది మీద ఇక్కడ కట్ట కట్టి నీళ్ళు తెచ్చారు. నీళ్ళు తరబనహళ్ళి వైపు ఇటుకలతో కట్టిన కాలువలో, పంపు లేకుండా వాలు మీదే పారేవి. కమానుల మీద నడిచిన ఆ కాలువ కనిపించినప్పుడు సైకిల్ ఆపి ఇటుకల వరస చూడండి. కట్ట మీద తొక్కడానికి మాత్రం తొందర పడకండి. పొద్దున నడకకి వచ్చే పెద్దవాళ్ళుంటారు, బెల్ కొట్టి పక్కకి జరగమనడం కంటే మనం దిగి నాలుగడుగులు నడవడమే మర్యాద.

చెరువు దాటాక గడ్డి మైదానం. బెంగళూరు చుట్టుపక్కల ఇంత గడ్డి భూమి ఇంకెక్కడా మిగల్లేదు. చాలామంది దాన్ని చూసి బీడు అనుకుంటారు, చెట్లు నాటాలని తాపత్రయపడతారు. అది బీడు కాదు. చలికాలంలో మధ్య ఆసియా నుంచి పిల్లిగద్దలు (హ్యారియర్లు) వచ్చి రాత్రుళ్ళు ఆ గడ్డిలోనే నేల మీద పడుకుంటాయి. ఇక్కడి అయిదు వేల ఎకరాలకు పైగా భూమిని కన్జర్వేషన్ రిజర్వు చేయాలని ప్రభుత్వం నిర్ణయించింది. అందుకని ఒకటే నియమం: ఉన్న బండ్ల బాట వదిలి గడ్డిలోకి చక్రం దించొద్దు. ఎండాకాలంలో తీతువు పిట్ట గులకరాళ్ళ మధ్యే గుడ్లు పెడుతుంది, గుడ్డేదో రాయేదో పక్కనే నిలబడినా తెలియదు. ఆ పిట్ట తల మీద తిరుగుతూ అరుస్తోందంటే అపశకునం కాదు, గూడు దగ్గర్లోనే ఉందని. వచ్చిన దారినే వెనక్కి పోండి. బోర్డు పెట్టి దారి మూసిన చోట అసలు వెళ్ళొద్దు.

ఇక్కడి నుంచి కాకోలు, బ్యాత ఊళ్ళ వైపు మట్టి దారులు పట్టుకుని రాజానుకుంటె దగ్గర దొడ్డబళ్ళాపుర రోడ్డు ఎక్కితే చుట్టు పూర్తవుతుంది. దారి తప్పితే మొహమాటపడకుండా అడగండి, కన్నడం రాకపోయినా. ఈ ఉత్తరం పక్క పల్లెల్లో ఇంట్లో తెలుగు మాట్లాడే కుటుంబాలు బోలెడు. ఒకసారి టీ అంగడి అవ్వని వచ్చీరాని కన్నడంలో దారి అడుగుతుంటే నన్ను ఎగాదిగా చూసి, "యా ఊరు మ్మా మీది? తెలుగులోనే అడుగు" అంది. హిందూపురం అనగానే, "మా కోడలిది మీ పక్క గౌరిబిదనూరే. పొద్దున్నే సైకిలేసుకోని పోతే ఇంట్లో వంటెవురు చేస్తారు?" అని రెండో ప్రశ్న. మా ఆయనే అని చెప్పాను. టీలో చక్కెర ఇంకో చెంచా పడింది. ఆవిడ చెప్పిన దారి మ్యాప్‌లో లేదు, మ్యాప్ చూపించిన దాని కంటే బాగుంది.

ఈ దారుల్లో అసలు శత్రువు ముళ్ళుండే పల్లేరు కాయ. రాళ్ళ వల్ల పంక్చర్ అవడం అరుదు, దీని వల్ల మాత్రం ఖాయం. వానాకాలం పోయి తీగ ఎండాక కాయలు విడిపోయి బాట అంచుల్లో పరుచుకుంటాయి. కాబట్టి అంచున కాదు, బండి చక్రం నడిచిన గాడిలోనే తొక్కండి. గాలి దిగితే ట్యూబు మార్చేసి వెళ్ళిపోవద్దు. టైరు లోపల ఒక పాత గుడ్డ ముక్కని చుట్టూ తిప్పండి, ముల్లు ఉన్నచోట దారం పట్టుకుంటుంది. చేత్తో తడమకండి, తెగుతుంది. ఆ ముల్లుని బయటి వైపు నుంచి గోళ్ళు తీసే కత్తెరతో లాగాలి. ఒకటి దొరికిందని ఆపకండి, పల్లేరు ఒంటరిగా రాదు, ఇంకో రౌండు గుడ్డ తిప్పండి. ట్యూబులో చిల్లు ఎక్కడో తెలియకపోతే పెదవుల దగ్గర పెట్టుకుని తిప్పండి, సన్నటి గాలి కూడా తగులుతుంది. తరచూ వెళ్ళేవాళ్ళు టైర్లని ట్యూబ్‌లెస్ చేయించి, లోపల చిల్లుని తానే మూసేసే సీలెంట్ ద్రవం పోయించుకుంటే ఈ బాధ చాలావరకు తప్పుతుంది, మూడు నెలలకోసారి సీలెంట్ ఎండిపోయిందేమో చూస్తుండాలి. అప్పుడు ముల్లు కనిపించినా దారిలో పీకొద్దు, ఇంటికొచ్చాకే.

కుక్కలు వెంటపడితే వేగం పెంచొద్దు. దిగి, సైకిల్‌ని మీకూ దానికీ మధ్య పెట్టుకుని నడవండి, వాటికి ఆసక్తి పోతుంది. గొర్రెల మంద ఎదురైతే ఆగిపోవడమే. ఇసుక మేట వచ్చినప్పుడు హ్యాండిల్ గట్టిగా పట్టుకోకుండా, బరువు వెనక్కి వేసి, పెడల్ ఆపకుండా తిన్నగా పోవాలి. నీలగిరి తోపులో రాలిన బెరడు తడిసి ఉంటే ముందు బ్రేకు ముట్టుకోవద్దు. సెప్టెంబరు, అక్టోబరుల్లో రాత్రి గట్టి వాన పడితే ఆ పొద్దున మట్టి దారి మానుకోండి, ఎర్రమట్టి ముద్దకట్టి గేర్లు పట్టేస్తుంది, మన చక్రాల గాడులు రైతు బాటని పాడుచేస్తాయి.

అలాంటి రోజు, లేదా తీరికే లేని ఆదివారం, కబ్బన్ పార్కు. 1870లో మైసూరు చీఫ్ ఇంజనీరు రిచర్డ్ శాంకీ హయాంలో వేసిన తోట, ముందు మీడ్స్ పార్కు అన్నారు, కాగితాల్లో ఇప్పుడు శ్రీ చామరాజేంద్ర పార్కు. ఆదివారాలు లోపలి రోడ్లలో మోటారు బళ్ళు తిరగనివ్వరు. ఎర్రటి హైకోర్టు వెనక నుంచి శేషాద్రి అయ్యర్ హాలు దాకా, వెదురు పొదల పక్కగా నెమ్మదిగా తొక్కొచ్చు. నడిచే బాటల్లోకి మాత్రం దిగకండి. లాల్‌బాగ్‌కి సైకిల్ తీసుకెళ్ళే ఆలోచన పెట్టుకోవద్దు, లోపలికి రానివ్వరు.

జేబులో రెండు పల్లీ చిక్కీలు, సీసాలో ఉప్పు నిమ్మకాయ నీళ్ళు, ఒక ట్యూబు, ప్యాచ్ కిట్, చిన్న పంపు, చిల్లర. చిల్లర ఎందుకంటే పల్లెల్లో ఫోన్‌పే స్కానర్ ఉంటుంది, సిగ్నల్ ఉండదు. తొమ్మిదిన్నరకల్లా తారు రోడ్డు దాటి ఇంటి వీధిలో ఉండేలా లెక్కేసుకోండి. రాగానే గొట్టంతో నీళ్ళు కొట్టకండి, బేరింగుల్లోకి పోతాయి. మట్టి ఆరనిచ్చి పాత టూత్‌బ్రష్‌తో దులిపి, గొలుసు గుడ్డతో తుడిచి, ఒక్కో లింకుకి ఒక్కో చుక్క నూనె వేసి, మిగిలింది తుడిచేయండి. కొబ్బరి నూనె వద్దు, దానికి మట్టి ఇంకా అంటుకుంటుంది.