మొక్కల గదిలో తేమ: వానలు పట్టకముందే చూసుకోండి

నెల్లూరులో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానలు. లైట్ల కింద మొక్కలు పెంచే గదిలో డీహ్యూమిడిఫయర్ (గాలిలో తేమను లాగేసే మెషిన్) ఆన్ చేసే ముందు ఇవి చూసుకోండి.

– ముందు తేమ మీటరును పరీక్షించండి. సీసా మూతలో కల్లుప్పు పోసి, తడిసి ముద్దయ్యేలా కాసిని నీళ్లు చల్లండి, ఉప్పు కరిగిపోకూడదు. దాన్నీ మీటరునూ ఒకదానికొకటి తగలకుండా జిప్ కవరులో పెట్టి, రాత్రంతా వదిలేయండి. 75 శాతం దగ్గర చూపించాలి. నాది 68 చూపించింది! అన్నాళ్లూ ఆ అంకెనే నమ్ముకుని కూర్చున్నా.

– మీటరు ఆకుల ఎత్తులో వేలాడాలి, లైటు నేరుగా పడకూడదు.

– నీళ్లు పొద్దున్నే పోయండి. సాయంత్రం పోస్తే, లైట్లు ఆపాక గది చల్లబడి తేమ శాతం ఎగబాకుతుంది. ఆకులకు బూజు పట్టేది అప్పుడే. ట్రేలలో నిలిచిన నీళ్లు పారబోయండి.

– కిటికీ తెరిస్తే సరిపోతుందనుకోవద్దు. ముసురు రోజున బయటి గాలే తడిగుడ్డలా ఉంటుంది.

– వైర్లు, ఎక్స్‌టెన్షన్ బాక్సు నేల మీద వద్దు. మెషిన్ బకెట్ ఖాళీ చేసేటప్పుడు ప్లగ్ తీసేయండి. మెషిన్ నడుస్తుంటే గదిని కాస్త వేడెక్కిస్తుంది, ఉష్ణోగ్రత మీదా కన్నేయండి.