ప్లాటర్ మీద ఫిల్ము ఆడించేటప్పుడు వచ్చే చిక్కులు: లక్షణం, కారణం, పరిష్కారం

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల హాళ్ళలో పనిచేసిన పాత ఆపరేటర్లలో ఎక్కువమంది రెండు ప్రొజెక్టర్ల మధ్య రీళ్ళు మార్చుకుంటూ బొమ్మ ఆడించినవారే. సినిమా మొత్తాన్ని ఒకే చుట్టగా పళ్ళెం మీద పరిచి ఆడించే ప్లాటర్ అనే యంత్రం మీద చెయ్యి పెట్టినవారు కొద్దిమంది. ఆ కొద్దిమందిలోనూ దాని గురించి ఏకాభిప్రాయం లేదు. ఒకరు అది ప్రింటును గీతల పాలు చేసే యంత్రమంటారు, మరొకరు అంత సుఖమైన పని ఇంకొకటి లేదంటారు. హాళ్ళు డిజిటల్‌కు మారాక చాలా యంత్రాలు పాత ఇనుము కింద వెళ్ళిపోయాయి. అలా పోనివ్వకుండా ప్లాటర్‌ను కాపాడుకున్న యజమానుల కోసం, చేతిలో ఉన్న ప్రింటును మళ్ళీ తెర మీద చూసుకోవాలనుకునేవారి కోసం ఇది రాస్తున్నాను. నా అభిప్రాయం ముందే చెబుతాను. ప్లాటర్ మీద మోపే నిందల్లో చాలావాటికి మూలం పళ్ళెంలో ఉండదు, ఫిల్ము నడిచే దారిలో ఉంటుంది. లోపం కనబడిన చోటే విప్పడం మొదలుపెడితే చిన్న చిక్కు పెద్దదవుతుంది.

యంత్రం పనితీరు తెలియకపోతే లక్షణాన్ని చదవలేం కాబట్టి రెండు ముక్కలు చెప్పాలి. జర్మనీకి చెందిన విల్లీ బుర్త్ రూపొందించిన ఈ పద్ధతిలో ఒకదాని మీద ఒకటిగా సాధారణంగా మూడు పళ్ళేలు ఉంటాయి. రీళ్ళన్నీ వరుసగా అతికించి ఒకే చుట్టగా పళ్ళెం మీద పరుస్తారు. ఫిల్ము ఆ చుట్ట లోపలి అంచు నుంచి బయటకు వచ్చి, మధ్యలో ఉండే ఫీడ్ యూనిట్ గుండా, అంటే ఆపరేటర్లు బ్రెయిన్ అనే భాగం గుండా వెళ్ళి, రోలర్ల మీదుగా ప్రొజెక్టర్‌కు చేరి, తిరిగి వచ్చి రెండో పళ్ళెం మీద రింగు చుట్టూ చుట్టుకుంటుంది. మొదలు మళ్ళీ లోపలి అంచునే ఉంటుంది కాబట్టి ఆట అయ్యాక తిరగతిప్పే పని లేదు. 35 ఎం.ఎం. ఫిల్ము నిమిషానికి 90 అడుగులు నడుస్తుంది. రెండున్నర గంటల తెలుగు సినిమా అంటే 13,500 అడుగులు, నాలుగు కిలోమీటర్ల పైచిలుకు. ఇంత బరువైన చుట్ట ఎంత వేగంతో తిరగాలో పళ్ళేనికి చెప్పేది బ్రెయిన్‌లోనూ, చుట్టుకునే వైపు ఊగే కడ్డీ అయిన ఆర్మ్‌లోనూ ఉండే సెన్సార్లే.

ఫిల్ము బ్రెయిన్ చుట్టూ బిగుసుకుని ప్రొజెక్టర్ ఆగిపోవడం

ప్లాటర్‌ను ఇష్టపడని ఆపరేటర్లు మొదట చెప్పేది ఈ చిక్కే. ఆట నడుస్తుండగా ఫిల్ము బ్రెయిన్‌కు చుట్టుకుపోతుంది, బిగువు పెరిగితే ఆపే ఫెయిల్‌సేఫ్ పనిచేస్తే యంత్రం ఆగుతుంది, పనిచేయకపోతే ఫిల్ము తెగుతుంది లేదా ఏదో ఒక భాగం వంగుతుంది. పాతరకం ఎసిటేట్ ఫిల్ము మీది ప్రింటు అయితే తెగి ఊరుకుంటుంది. తర్వాత వచ్చిన గట్టిరకం పాలియెస్టర్ ప్రింటు తెగదు, రోలరునో ఆర్మ్‌నో వంచుతుంది. ముందు మోటారు ఆపాలి, ఫిల్మును పట్టి లాగకూడదు, పళ్ళేన్ని చేత్తో వెనక్కి తిప్పుతూ చుట్లను ఒక్కొక్కటిగా పైకి తీయాలి.

తీసేటప్పుడే కారణం కళ్ళకు కనబడుతుంది, కాబట్టి తొందరపడి దాన్ని పోగొట్టుకోవద్దు. బ్రెయిన్ చుట్టూ రెండు మూడు పొరలు ఒకదానికొకటి అంటుకుని వదులుగా ఉంటే, పక్క పొరలు కూడా లోపలి పొరతో పాటు లాక్కొచ్చాయని అర్థం. ఒకే పొర తీగలా బిగుసుకుని ఉంటే పళ్ళెం కావలసిన వేగంతో తిరగలేదని అర్థం. ఈ రెండింటికీ మందు వేరు.

పొరలు అంటుకోవడానికి కారణం స్థిర విద్యుత్తు కావచ్చు, చెమ్మ కావచ్చు. సముద్రం పక్కనే ఉన్న జిల్లాల్లో గాలిలో తేమ ఉంటుంది కదా, స్థిర విద్యుత్తు ఎక్కడిదని అడిగేవారున్నారు. ఏసీ రోజంతా నడిచే క్యాబిన్‌లో గాలి పొడిబారుతుంది, అందులో కొత్త పాలియెస్టర్ ప్రింటు మొదటి కొన్ని ఆటల్లో బాగా అంటుకుంటుంది. క్యాబిన్‌లో తేమ 50 నుంచి 60 శాతం మధ్య ఉండేలా చూసుకోవాలి, గదిలో వెడల్పు గిన్నెతో నీళ్ళు పెట్టినా కొంత మేలు. ప్లాటర్ స్తంభానికి ఎర్త్ తీగ ఉందో లేదో చూడాలి, ఉంటే అది చేరే ఎర్త్ గుంతలో ఉప్పు, బొగ్గు వేసి వేసవిలో నీళ్ళు పోస్తున్నారో లేదో కూడా చూడాలి. ఎండిపోయిన గుంత ఉన్నా లేనట్టే. ఫిల్ము మీద పూయడానికి తయారైన క్లీనర్‌ను మెత్తటి గుడ్డకు అద్ది ఒక ఆట నడిపిస్తే అంటుకోవడం చాలావరకు తగ్గుతుంది.

వర్షాకాలంలో వ్యవహారం తిరగబడుతుంది. తడి గాలిలో ప్రయాణం చేసి వచ్చిన పెట్టెలో ఫిల్ముకు చెమ్మ పడుతుంది, ఎమల్షన్, అంటే బొమ్మ ఉండే పూత, జిగురెక్కి పక్క పొరను పట్టుకుంటుంది. పెట్టెను మూత తీయకుండా కొన్ని గంటలు క్యాబిన్‌లో ఉంచి, గది వేడికి అలవాటు పడ్డాకే తెరవాలి. 2018 అక్టోబరులో తిత్లీ తుఫానును చూసిన ఉద్దానం వంటి చోట నీళ్ళు తాకిన పెట్టె చేతికి వస్తే దాన్ని నేరుగా ప్లాటర్ ఎక్కించకూడదు. రివైండర్ బల్ల మీద చేత్తో నెమ్మదిగా విప్పి పొరలు విడివిడిగా వస్తున్నాయని తేల్చుకోవాలి.

ఒకే పొర బిగుసుకున్నట్లయితే బ్రెయిన్‌లోని చిన్న ఆర్మ్ స్వేచ్ఛగా ఊగుతోందా అని వేలితో తోసి చూడాలి. అది వదిలిన వెంటనే తన చోటికి రావాలి, నత్తనడకన వస్తే ఇరుసులో దుమ్ము, ఎండిన నూనె పేరుకున్నాయి. శుభ్రం చేసి మళ్ళీ నూనె వేయకుండా వదిలేయడమే మంచిది, ఎందుకంటే ఆ నూనె చివరికి ఫిల్ము మీదికే చేరుతుంది. ఆర్మ్ బాగుండి కూడా వేగం రాకపోతే సెన్సార్ కనెక్షన్లు, ఆ తర్వాత మోటారు చూడాలి. బొబ్బిలి వైపు పనిచేసిన ఒక పెద్ద ఆపరేటర్ కొత్తవాళ్ళకు ఒకే మాట చెప్పేవారు: "బాబూ, స్క్రూడ్రైవర్ తరువాత, ముందు వేలు పెట్టి చూడు."

తెర మీద గీతలు

ప్లాటర్ గీతలు పెడుతుందనేది సగం నిజం. రెండు ప్రొజెక్టర్ల పద్ధతిలో ఫిల్ము పైస్పూలు నుంచి కింది స్పూలుకు కొద్ది దూరమే నడుస్తుంది, ప్లాటర్‌లో గది అంతా తిరిగి వస్తుంది, దారిలో ఎన్నో రోలర్లు. ఒక్క రోలరు తిరగకపోయినా ఆట ఆటకూ ప్రింటు అరుగుతుంది. అయితే తిరగని రోలరు తప్పు ప్లాటర్‌ది కాదు, శుభ్రం చేయనివారిది. విజయనగరంలో సిరిమానోత్సవం వంటి రోజుల్లో ఆటకూ ఆటకూ మధ్య ఊపిరి సలపదు, తిరగతిప్పే పని లేకపోవడం అప్పుడు పెద్ద వరమే. ఆ మిగిలిన సమయాన్ని రోలర్లు తుడవడానికి వాడితే ప్లాటర్ మీద ప్రింటు రీళ్ళ పద్ధతిలో కన్నా ఎక్కువ కాలం బాగుంటుందని నా నమ్మకం, ఎందుకంటే అక్కడ ప్రతి రీలు చివర్లనూ చేతులు తాకుతాయి, రివైండింగ్‌లో పొరలు ఒరుసుకుంటాయి.

గీత రంగు చూస్తే ఏ వైపు పడిందో తెలుస్తుంది. రంగుల ప్రింటు మీద నల్లగా కనబడే గీత సాధారణంగా బేస్ వైపుది, అంటే పూత లేని వైపుది. ఆకుపచ్చ గీత ఎమల్షన్ పై పొర లేచిపోయిన గుర్తు, పసుపు అయితే దెబ్బ ఇంకొంచెం లోతు, తెల్లగా ఉంటే పొరలన్నీ పోయాయి. దారిలో ఏ రోలర్లు ఏ వైపును తాకుతాయో కాగితం మీద రాసుకుంటే వెతకవలసిన చోట్లు సగానికి తగ్గుతాయి. గీత ఆగకుండా సాగితే కదలకుండా రుద్దేదేదో ఉంది, అంటే దీపం ముందు ఫిల్మును పట్టి ఉంచే గేటు గాని, ఇరుక్కున్న రోలరు గాని. గీత కాకుండా చిన్న మచ్చ క్రమం తప్పకుండా తిరిగి వస్తుంటే ఆ విరామాన్ని ఫ్రేముల్లో లెక్కపెట్టాలి. అడుగుకు 16 ఫ్రేములు కాబట్టి, 2 అంగుళాల వ్యాసమున్న రోలరు మీద నొక్కు ఉంటే అది ఇంచుమించు 8 ఫ్రేములకొకసారి ముద్ర వేస్తుంది. విరామాన్ని బట్టి రోలరును పట్టుకోవచ్చు.

రోలరు తిరుగుతోందో లేదో కదిలే ఫిల్మును చూసి చెప్పలేం. రోలరు పక్క అంచున మార్కర్ పెన్నుతో ఒక చుక్క పెట్టండి. ఆట నడుస్తున్నప్పుడు ఆ చుక్క కనబడుతూ ఒకేచోట నిలబడిందంటే ఆ రోలరే దోషి. ఫిల్ము అంచులను మాత్రమే ఆనవలసిన రోలరు అరిగిపోతే దాని నడుం ఫిల్ము మధ్యభాగానికి తగులుతుంది, అటువంటిదాన్ని సానబెట్టి సరిచేయాలని చూడవద్దు, మార్చేయాలి.

కరెంటు పోయి వచ్చాక, ఇంటర్వెల్ తర్వాత ఫిల్ము కింద పడటం

కరెంటు కోతలు ఉండే మన ప్రాంతంలోనూ, ఆట మధ్యలో ఇంటర్వెల్ ఇచ్చే మన సినిమాలకూ ఈ చిక్కు ప్రత్యేకం. ప్రొజెక్టర్ గేర్లకు రాపిడి ఎక్కువ, కరెంటు పోగానే ఆగిపోతుంది. పళ్ళెం మీద ఉన్నది పాతిక కిలోల చుట్ట, ఊపు మీద మరికాస్త తిరుగుతుంది. ఇచ్చే వైపు ఫిల్ము బ్రెయిన్ దగ్గర కుప్పపడుతుంది, తీసుకునే వైపు బిగుసుకుంటుంది. జనరేటర్ అందుకోగానే మోటారు స్విచ్ ఆన్‌లోనే ఉంటే ప్రొజెక్టర్ ఒక్కసారిగా లాగుతుంది, ఆ కుప్ప మడతలు పడి బ్రెయిన్‌లోకి వెళుతుంది.

కరెంటు పోయిన క్షణంలో చేయవలసింది ప్రొజెక్టర్ మోటారు, దీపం స్విచ్‌లు ఆపేయడం. కరెంటు వచ్చాక టార్చి వేసి బ్రెయిన్ చూసి, వదులు ఫిల్మును పళ్ళెం చేత్తో తిప్పి సర్దాలి, రెండు ఆర్మ్‌లూ తమ నడిమి స్థానంలో ఉన్నాయని చూడాలి, పళ్ళేలకు కరెంటు ఇవ్వాలి, ఆ తర్వాతే ప్రొజెక్టర్ నడపాలి. జెనాన్ దీపం వేడిగా ఉండగా మళ్ళీ వెలిగించకుండా ముందు ఫ్యాన్‌తో చల్లారనివ్వాలి. జనం ఈలలు వేస్తారు, వేయనివ్వండి. ఇంటర్వెల్ తర్వాత కూడా ఇదే వరుస పాటించాలి. ఇంటర్వెల్ గుర్తు కోసం ఫిల్ము అంచున అతికించే మెరుపు టేపు ఊడిపోతే ఆటోమేషన్ ఆగాల్సిన చోట ఆగదు, కాబట్టి ప్రింటు కట్టేటప్పుడే దాన్ని గోటితో గట్టిగా ఒత్తి చూడాలి.

నేల మీద పడిన ఫిల్మును తుడవకుండా పళ్ళెం ఎక్కించవద్దు. అది ఎత్తుకొచ్చిన ఇసుక దారిలోని ప్రతి రోలరుకూ అంటుకుంటుంది.

ఆట మొదట్లోనో, చివరలోనో మాత్రమే వేగం తడబడటం

మధ్య రింగు 10 అంగుళాల వ్యాసం అనుకుంటే ఆట మొదట్లో పళ్ళెం నిమిషానికి సుమారు 34 చుట్లు తిరగాలి, చుట్ట 36 అంగుళాలకు చేరేసరికి 9 లేదా 10 చుట్లు చాలు. మొదట్లో ఇచ్చే పళ్ళెం నిండు బరువుతో, అత్యధిక వేగంతో తిరగాలి కాబట్టి నీరసించిన మోటారు అప్పుడే బయటపడుతుంది. చివరలో తీసుకునే పళ్ళెం బరువెక్కి ఉంటుంది కాబట్టి నూనె తగిలి నునుపెక్కిన డ్రైవ్ రబ్బరు అప్పుడు జారుతుంది. రబ్బరును స్పిరిట్‌తో తుడిచి, గరుకు కాగితంతో పైపైన రుద్దితే చాలాసార్లు సరిపోతుంది. ఎప్పుడు తడబడుతుందో గడియారం చూసి రాసుకోకుండా సెన్సార్ స్క్రూలు తిప్పేవారే ఎక్కువ, అలా తిప్పిన యంత్రాన్ని దారికి తేవడం చాలా కష్టం.

ఆర్మ్ సెన్సార్ ఒక చివర ఇరుక్కుపోతే పళ్ళెం అదుపు తప్పి చుట్ట మొత్తం విసిరివేయబడుతుంది. అందుకే ఫెయిల్‌సేఫ్ మాటిమాటికీ ఆపుతోందని దానికి టేపు చుట్టి పనిచేయకుండా చేయడం ఎంతమాత్రం తగదు. అది ఆపుతోందంటే ఎక్కడో బిగువు పెరుగుతోంది, ఆ బిగువును వెతకాలి.

చుట్ట పైకి లేవడం

పళ్ళెం సమతలంగా లేదు, లేదా ఫిల్మును పళ్ళెం మీదికి దించే రోలరు ఎత్తు తప్పింది. స్పిరిట్ లెవెల్ పెట్టి రెండు దిశల్లో చూసి, కాళ్ళ స్క్రూలు సరిచేయాలి.

అతుకు దగ్గర బొమ్మ ఎగరడం

ఫ్రేము గీత మీద కాకుండా, ఫిల్ము అంచున ఉండే రంధ్రాల్లో ఒకటి అటో ఇటో అతికించారు. ఫ్రేముకు నాలుగు రంధ్రాలు, లెక్క తప్పితే ఆ చోటు నుంచి బొమ్మ కిందికో పైకో జరుగుతుంది. అతుకు విప్పి మళ్ళీ వేయాలి. పాలియెస్టర్‌కు ఫిల్ము సిమెంటు పట్టదు, టేపే వాడాలి, అదీ రెండు వైపులా.

పెట్టె తెరవగానే వెనిగర్ వాసన

ఎసిటేట్ ప్రింటు కుళ్ళడం మొదలైంది. ఫిల్ము కుదించుకుపోయి రంధ్రాలు పళ్ళచక్రాలకు సరిపోవు కాబట్టి దాన్ని ప్లాటర్ మీద ఆడించకూడదు. మిగిలిన ప్రింట్ల నుంచి వేరు చేసి, చల్లగా, పొడిగా, గాలి ఆడేచోట ఉంచాలి.

తిరిగి రీళ్ళుగా విప్పాక వరుస తప్పడం

ప్లాటర్ మీద కట్టినప్పుడు కోసిన లీడర్లను, అంటే రీళ్ళ చివర్ల ఉండే సినిమా బొమ్మ లేని ముక్కలను, ఒక మూల పడేస్తే, విప్పేటప్పుడు ఏ ముక్క ఏ రీలుదో తెలియక తర్వాతి హాలువారికి తప్పుడు వరుసలో పెట్టె వెళుతుంది. ప్రతి లీడరును చుట్టి, రీలు నంబరు రాసి, క్యాబిన్ గోడకు వరుసగా మేకులకు తగిలించాలి. విప్పేటప్పుడు అతుకు టేపును కత్తిరించకుండా ఒలిచి తీయాలి, ఎందుకంటే కత్తిరించిన ప్రతిసారీ రెండు చివర్లా ఒక్కో ఫ్రేము పోతుంది, పది హాళ్ళు తిరిగిన ప్రింటులో పాట మధ్యలో మాట తెగిపోవడానికి కారణం అదే.