ఇషాపూర్ 2ఏ1: చెక్క చీలకుండా పాత సైనిక రైఫిల్‌ను బాగుచేయడం

1962 చైనా యుద్ధం తర్వాత పశ్చిమ బెంగాల్‌లోని ఇషాపూర్ ఫ్యాక్టరీ పాత .303 ఎన్‌ఫీల్డ్ (బ్రిటిష్ సైనిక రైఫిల్) నమూనాను 7.62 ఎంఎం నాటో తూటాకు మార్చి తయారుచేసిన రైఫిల్ ఇది. పన్నెండు తూటాల మ్యాగజైన్, 800 మీటర్ల దాకా గుర్తులున్న సైటు దీని ఆనవాళ్లు. ఇండియాలో సామాన్యుడికి దీనికి లైసెన్సు రాదు. అమెరికా తుపాకుల దుకాణాల్లో దొరుకుతుంది. అక్కడ హెచ్1బీ మీద ఉన్నవాళ్లు గుర్తుంచుకోవాలి: వేట లైసెన్సు వంటి మినహాయింపు లేకుండా తుపాకీ కొనడమే కాదు, దగ్గర ఉంచుకోవడమూ ఫెడరల్ నేరం.

మ్యాగజైన్ తీసి, బోల్ట్ (తూటాను లోపలికి నెట్టి మూసే, పిడి ఉన్న ఇనుప కడ్డీ) వెనక్కి లాగి, చాంబర్ (తూటా కూర్చునే గది) ఖాళీ అని కంటితో చూసి, వేలితో తడిమి తేల్చుకోండి. బోల్ట్ మీది నంబరు, రిసీవర్ (బోల్ట్ కదిలే ఇనుప భాగం) నంబరు ఒకటేనా చూడండి. వేరైతే, గన్‌స్మిత్ (తుపాకులు బాగుచేసేవాడు) గేజ్‌తో హెడ్‌స్పేస్ (మూసిన బోల్ట్ ముఖం నుంచి చాంబర్‌లో తూటా ఆగే చోటుకు ఉన్న దూరం) కొలిచేదాకా పేల్చకండి.

ఈ రైఫిళ్లలో చెక్క పాడయ్యేది ఎక్కువగా విప్పే వరుస తెలియకే. బట్ (భుజానికి ఆనే వెనక చెక్క) లోపల దాన్ని రిసీవర్‌కు బిగించే పొడవాటి బోల్టు కొన నలుచదరంగా ఉండి, ముందు చెక్క (బ్యారెల్ కింద ఉండేది) వెనక కొసన ఉన్న ఇనుప పలకలో ఇరుక్కుని ఉంటుంది. ముందు చెక్క తీయకుండా ఆ బోల్టు తిప్పారో, ఆ కొన తిరిగి చెక్కను చీల్చేస్తుంది. అందుకే నోస్‌క్యాప్ (బ్యారెల్ కొసన ఉండే ఇనుప తొడుగు) ముందు మర, అడ్డ మర తీసి దాన్ని ముందుకు లాగండి. తర్వాత బ్యాండు (చెక్క చుట్టూ ఉండే ఇనుప పట్టీ), హ్యాండ్‌గార్డులు (బ్యారెల్ పైని చెక్కలు) తీయండి. అడుగున స్ప్రింగు, వాషరుతో ఉండే లోపలి బ్యాండు మర మర్చిపోకండి. ఆపైన ట్రిగ్గర్ గార్డు మరలు రెండూ తీసి, ముందు చెక్కను మెల్లగా కిందికి దించండి. నోస్‌క్యాప్ దగ్గరి చిన్న స్టడ్, స్ప్రింగు ఎగిరిపోతాయి, కింద గుడ్డ పరవండి. స్క్రూడ్రైవర్ మొన గాడికి నిండుగా సరిపోవాలి. ఇంట్లో వాడే మొన సన్నబడిన రకం గాడిని చెడగొడుతుంది. చెక్కకు అడ్డంగా ఉన్న బలపు మరను మాత్రం ముట్టుకోకండి, చీలకుండా ఆపేది అదే.

చెక్క పీల్చుకున్న గ్రీజు వేడికే వస్తుంది. పేపర్ టవళ్లు చుట్టి, నల్ల ప్లాస్టిక్ సంచిలో పెట్టి, ఎండలో నిలిపిన కారులో ఒక పూట ఉంచండి. టవళ్లు మారుస్తూ, మరకలు రావడం ఆగేదాకా అలాగే. వంటింటి ఓవెన్, డిష్‌వాషర్ వద్దు, చెక్క వంకరపోతుంది. మిగిలిన జిడ్డును మినరల్ స్పిరిట్స్‌లో తడిపిన గుడ్డతో తుడవండి. గరుకు కాగితం పట్టారంటే ఫ్యాక్టరీ ముద్రలు పోతాయి, ఇనుముకు అమరిన అంచులూ అరిగిపోతాయి. ఆ అంచులు పోతే ప్రతి తూటాకూ రిసీవర్ వెనక్కి తన్ని చెక్క పగులుతుంది. రిసీవర్‌కు దీపపు మసి పూసి అమర్చి చూడండి: మసి ముందు చెక్క వెనక కొసన రిసీవర్ ఆనే రెండు భుజాలకూ సమానంగా అంటాలి. ఒకవైపే అంటితే, రెండోవైపు గట్టి చెక్క పలచని ముక్క ఎపాక్సీతో అతికించండి.

తర్వాత పచ్చి అవిసె నూనె. అరచేత్తో పలచగా రుద్ది, అరగంటకు తుడిచేసి, రెండు మూడు రోజులు ఆరాక మళ్లీ. మూడు నాలుగు పూతలు చాలు. నూనె గుడ్డలు ఉండచుట్టి పడేస్తే వాటంతట అవే అంటుకుంటాయి. విప్పి ఆరబెట్టండి.

చాలావాటి ఇనుముకు నల్ల పెయింట్ ఉంటుంది. అది సైన్యం వేసిందే, ఉంచడం మేలు. పైపైన ఉన్న తుప్పును 0000 స్టీల్ ఊల్, నూనెతో తేలిగ్గా రుద్దండి. బ్యారెల్‌ను వెనక నుంచే శుభ్రం చేయండి.

మార్పులు చేయాలనుంటే తీసేయగలిగినవే చేయండి: తొడిగే రబ్బరు బట్ ప్యాడ్, స్లింగు. బ్యారెల్ కోసి ‘జంగిల్ కార్బైన్’ (పొట్టి రైఫిల్) చేస్తే రైఫిల్ చరిత్రా విలువా రెండూ పోతాయి.

బిగించేటప్పుడు మొదట బట్ బోల్టు, దాని కొన పలక గాడికి సరిగ్గా నిలిచాకే ముందు చెక్క. ట్రిగ్గర్ గార్డు ముందు మర చుట్టూ ఉండే కాలరు తప్పకుండా ఉండాలి. లేకపోతే బిగించినకొద్దీ చెక్క నలుగుతుంది. 7.62 నాటో ప్రమాణపు తూటాలే వాడండి, గట్టి .308 వేట తూటాలు వద్దు. పది తూటాలు పేల్చాక ట్రిగ్గర్ గార్డు ముందు మరను మళ్లీ బిగించి, చెక్క భుజాల దగ్గర కొత్త పగుళ్లు వచ్చాయేమో చూడండి.